కదిలే బొమ్మల కొలువు – యానిమేషన్ చలనచిత్రోత్సవాల పరిశీలన

చలనచిత్రోత్సవం అనగానే మన విద్యార్థులకు తారల ఛాయాచిత్రాలు, విలేఖరుల హడావిడి, బహుమతి ప్రదానాలు స్ఫురించడం సహజం. యానిమేషన్ అనగానే పసిపిల్లలు టెలివిజన్ ముందు కూర్చుండి చూచే బొమ్మలు స్ఫురిస్తాయి. ఈ రెండు భావాలను జోడించి, యానిమేషన్ చలనచిత్రోత్సవం అంటే పిల్లల సంబరమని తీర్మానించడానికి ఎంతో సేపు పట్టదు. ఆ తీర్మానం తొందరపాటని చూపడమే ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. అటువంటి ఉత్సవం ఎట్లు పుట్టినది, అందు ఏమి జరుగుతుంది, ప్రేక్షకుడు దానిని ఏ విధంగా చూడవలెను, దానివలన మన కళాశాల విద్యార్థులకు కలిగే ప్రయోజనం ఏమిటి అనే విషయాలను మేము ఇందు క్రమంగా వివరింపదలచినాము.

ఈ విషయం మనకు దూరమైనదని కొందరికి తోచవచ్చును. కాని ఈ శతాబ్ది ఆరంభం నుండి హైదరాబాదు నగరం యానిమేషన్ పనికి ఒక ముఖ్య కేంద్రమైనది. చిత్రలేఖనంలో చేయి తిరిగిన విద్యార్థులు ఆ వృత్తిలో ప్రవేశింపగోరుచున్నారు. వారి శిక్షణ కొరకు తల్లిదండ్రులు శ్రమపడి రుసుము చెల్లిస్తున్నారు. అట్లు చేరే విద్యార్థులలో ప్రపంచపు గొప్ప యానిమేషన్ చిత్రాలను పది అయినా చూచినవారు ఎందరు? కవిత్వం చదువకుండా ఛందస్సు మాత్రమే నేర్చినవాడు పద్యం కట్టగలడేమో కాని కవి కాలేడు. సాధనాన్ని నేర్పే బడులు మనకు ఉన్నవి. చూపును నేర్పే చోటు మాత్రం అరుదు. ఉత్సవం అటువంటి చోటు అని మా అభిప్రాయం.

యానిమేషన్ అనగా నేమి?

లాటిన్ భాషలో 'ఆనిమా' అనగా ప్రాణం. ప్రాణం లేని బొమ్మకు కదలిక ద్వారా ప్రాణం ఉన్నదనే భ్రమ కలిగించే కళ యానిమేషన్. సాధారణ చలనచిత్రంలో కెమెరా తన ఎదుట జరుగుతున్న దానిని గ్రహిస్తుంది. యానిమేషన్‌లో కెమెరా ఎదుట ఏదీ జరుగదు. ఒక్కొక్క ఫ్రేమును విడివిడిగా సృష్టించి వరుసగా ప్రదర్శించినప్పుడు ఆ చలనం తెరమీదనే మొట్టమొదటిసారిగా జన్మిస్తుంది.

సినిమా తెరపై సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. చేతితో గీసే చిత్రాలలో తరచుగా ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుతారు కనుక సెకనుకు 12 బొమ్మలు కావలెను. ఈ లెక్కన నాలుగు నిమిషాల చిత్రానికి 2,880 బొమ్మలు అవసరం. దినానికి 20 బొమ్మలు పూర్తిచేయగల చిత్రకారునికి 144 దినాలు పడుతుంది. ఈ లెక్కను మనసులో ఉంచుకొన్న ప్రేక్షకుడు నాలుగు నిమిషాల చిత్రాన్ని చులకనగా చూడలేడు.

విడి బొమ్మలు కదలినట్లు కనిపించడానికి ప్రతిబింబం కంటిలో కొంత సేపు నిలిచి ఉండటమే కారణమని పాత పాఠ్యగ్రంథాలు చెప్పేవి. రెండు స్థితుల నడుమ వెలితిని మనసు తానే పూరించుకొని చలనాన్ని కల్పించుకొంటుందని 1912లో జర్మన్ మనోవిజ్ఞాని మాక్స్ వెర్ట్‌హైమర్ ప్రచురించిన పరిశోధన సూచించినది. కెనడా దేశపు జాతీయ చలనచిత్ర సంస్థలో పనిచేసిన స్కాట్లండు కళాకారుడు నార్మన్ మెక్లారెన్ కూడ ఇట్టి మాటనే కళాపరంగా చెప్పేవాడు. ఫ్రేములో ఉన్న బొమ్మకంటె, ఒక ఫ్రేముకు మరొక ఫ్రేముకు నడుమ జరిగేదే యానిమేషన్‌కు ప్రధానమని అతని సిద్ధాంతం. ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. షేర్‌లోని రెండు మిస్రాల నడుమ కవి చెప్పక విడిచినది శ్రోత హృదయంలో పూర్తి అవుతుంది. యానిమేషన్‌లో అదే పని సెకనుకు పన్నెండుసార్లు జరుగుతుంది.

ఉత్సవాల పుట్టుక

ఈ కళ సినిమాకంటె వయసులో పెద్దది. ఫ్రాన్సు దేశీయుడు ఎమిల్ రేనో తాను నిర్మించిన యంత్రంతో, చేతితో రంగులు వేసిన బొమ్మల పట్టీలను 1892 అక్టోబరు 28వ తేదీన పారిస్ నగరంలోని ఒక మైనపుబొమ్మల ప్రదర్శనశాలలో ప్రజలకు చూపినాడు. లూమియర్ సోదరులు పారిస్‌లో తమ సినిమాను రుసుముతో ప్రజలకు ప్రదర్శించినది 1895 డిసెంబరు 28వ తేదీన. అనగా రేనో వారికంటె మూడేండ్లు ముందున్నాడు. అయినను సినిమా రాకతో అతని బొమ్మలకు ఆదరణ తగ్గినది. నిరాశతో అతడు తన పట్టీలలో అధికభాగాన్ని సేన్ నదిలో పడవేసినాడు. నేడు మిగిలినవి రెండే. అంతర్జాతీయ యానిమేషన్ సంఘం వారు 2002 నుండి అక్టోబరు 28వ తేదీని అంతర్జాతీయ యానిమేషన్ దినంగా పాటించడానికి కారణం ఈ రేనోయే. చూచేవారు కరవైతే కళాకారుడు తన కృతిని తానే నీటిపాలు చేసుకొనే స్థితి రాగలదని అతని కథ తెలుపుతున్నది. ఉత్సవాల అవసరం ఏమిటనే ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సినిమా ఉత్సవాలు వర్ధిల్లినవి కాని వాటిలో యానిమేషన్‌కు లభించిన స్థానం స్వల్పం. పెద్ద చిత్రానికి ముందు చూపే చిన్న వినోదంగానే దానిని పరిగణించేవారు. 1956లో కాన్ ఉత్సవ సందర్భంలో యానిమేషన్ కొరకు ప్రత్యేక సమావేశాలు జరిగినవి. ఆ ప్రయత్నమే ఎదిగి 1960లో ఫ్రాన్సు తూర్పు భాగాన ఆల్ప్స్ పర్వతాల చెంత సరస్సు ఒడ్డున ఉన్న ఆనెసీ పట్టణంలో స్వతంత్ర ఉత్సవంగా రూపొందినది. అదే కాలంలో అక్కడనే అంతర్జాతీయ యానిమేషన్ సంఘం ఏర్పడినది. దాని తొలి అధ్యక్షుడు మెక్లారెన్. తూర్పు పడమరల రాజ్యాలు ఒకదానినొకటి అనుమానంతో చూచుకొంటున్న ఆ దినాలలో రెండు వైపుల కళాకారులు ఒకే సభలో కూర్చుండి ఒకరి బొమ్మలను మరొకరు చూచుకొన్నారు. మాటలు లేని చిత్రాలకు తనిఖీ ద్వారాలు అంతగా అడ్డుకావు కదా!

1960లో ఆనెసీలో ప్రథమ బహుమతి పొందిన చిత్రం ఇందుకు మంచి నిదర్శనం. చెకొస్లొవేకియా దేశీయుడు బ్రెటిస్లావ్ పోయార్ నిర్మించిన 'సింహము – పాట' అనే బొమ్మలాట చిత్రం అది. ఎడారిలో సంచరించే ఒక కళాకారుని సింహం మింగివేస్తుంది. అతని వాద్యం కూడ దాని కడుపులో పడుతుంది. సింహం అడుగు వేసినప్పుడెల్ల లోపల వాద్యం మ్రోగుతుంది. ఆ నాదం విని జంతువులన్నీ పారిపోగా సింహం ఆకలితో మరణిస్తుంది. కొంత కాలానికి ఆ దారిని వచ్చిన మరొక గాయకుడు ఎముకల నడుమ ఉన్న వాద్యాన్ని తీసికొని వాయిస్తూ సాగిపోతాడు. ఈ కథలో ఒక్క మాట లేదు. కళను మింగగలవారు దానిని జీర్ణించుకోలేరనే భావం ఏ దేశపు ప్రేక్షకునికైనను అందుతుంది.

ఆనెసీ ఉత్సవం తొలి దశాబ్దాలలో సామాన్యంగా రెండేండ్లకొకసారి జరిగేది. 1998 నుండి ప్రతి సంవత్సరం జూన్ మాసంలో జరుగుచున్నది. మహమ్మారి కారణంగా 2020లో ఇంటర్నెట్ ద్వారా మాత్రమే నిర్వహింపబడినది. ఆనెసీ దారిలో యుగొస్లావియాలోని జాగ్రెబ్ నగరంలో 1972లోను, కెనడాలోని అటావా నగరంలో 1976లోను ఉత్సవాలు ప్రారంభమైనవి. జపాన్ దేశంలో 1985లో హిరోషిమా ఉత్సవం మొదలైనది. దానిని స్థాపించిన రెన్జో కినోషితా, సయోకో కినోషితా దంపతులు ప్రేమ, శాంతి అనే రెండు మాటలను దానికి ధ్యేయంగా ఎంచుకొన్నారు. రెన్జో 1978లో నిర్మించిన 'పికాడాన్' అనే లఘుచిత్రం అణుబాంబు పడిన ఉదయాన్ని చూపుతుంది. ఆ క్షణాన్ని ఏ కెమెరా నేలమీదినుండి గ్రహింపలేదు. బొమ్మ మాత్రమే దానికి సాక్ష్యం చెప్పగలిగినది. పదునెనిమిది పర్యాయాలు జరిగిన ఆ ఉత్సవం 2020తో ముగిసినది. ఉత్సవాలు కూడ శాశ్వతమైనవి కావు. వాటిని నిలుపుకొనే సమాజం ఉన్నంతవరకే అవి ఉంటాయి.

ఆనెసీలో ఏమి జరుగుతుంది?

ఇటీవలి సంవత్సరాలలో ఆనెసీ ఉత్సవానికి ప్రతినిధులుగా నమోదై వచ్చేవారి సంఖ్య 15 వేలకు మించినది. వారిలో విద్యార్థులు గణనీయంగా ఉంటారు. ఒక వారం పాటు పట్టణంలోని పలు ప్రదర్శనశాలలలో ఉదయం నుండి రాత్రి వరకు చిత్రాలు నడుస్తాయి. రాత్రివేళ సరస్సు ఒడ్డున ఉన్న విశాలమైన పచ్చికబయలులో పెద్ద తెరపై పట్టణ ప్రజలందరికీ ఉచితంగా ప్రదర్శనలు ఇస్తారు.

పోటీలో వేర్వేరు విభాగాలు ఉన్నవి. లఘుచిత్రాలు, పెద్ద చిత్రాలు, టెలివిజన్ చిత్రాలు, ప్రకటనల వంటి కోరి చేయించిన చిత్రాలు, విద్యార్థులు తమ చదువు ముగింపులో నిర్మించిన చిత్రాలు వేరువేరుగా పోటీపడుతాయి. ఉత్తమ చిత్రానికి ఇచ్చే బహుమతి పేరు 'క్రిస్టల్'. విద్యార్థుల చిత్రాలకు ప్రత్యేక విభాగం ఉండటం గమనింపదగినది. ప్రదర్శనలకు ముందు చూపే చిన్న ప్రారంభ చిత్రాలను కూడ పారిస్‌లోని గోబెలిన్స్ అనే కళావిద్యాలయపు విద్యార్థులే తయారుచేస్తారు. పేరు పొందిన దర్శకుని చిత్రానికి ముందు విద్యార్థి చేతిపని తెరపైకి రావడం ఆ ఉత్సవపు సంప్రదాయం.

ఇంకను నిర్మాణంలో ఉన్న చిత్రాలను గూర్చి దర్శకులు తమ తొలి రేఖాచిత్రాలతో సహా వివరించే సభలు జరుగుతాయి. పూర్తి అయిన చిత్రంలో కనిపించని తడబాటులు, కొట్టివేతలు, మార్పులు అక్కడ తెలుస్తాయి. విద్యార్థికి వీటిని మించిన పాఠం లేదు. 1985 నుండి ఉత్సవంతోపాటు ఒక వ్యాపార విపణి కూడ నడుస్తున్నది. నిర్మాతలు, టెలివిజన్ సంస్థలవారు, చిత్రకారులు అక్కడ ఒప్పందాలు చేసికొంటారు.

అక్కడి ప్రేక్షకుల ఆచారాలు కొన్ని నవ్వు పుట్టిస్తాయి. ప్రదర్శన ప్రారంభానికి ముందు విద్యార్థులు కాగితపు విమానాలు చేసి వేదికవైపు విసరుతారు. ఏ విమానమైనను వేదికను చేరితే సభ అంతా హర్షధ్వానం చేస్తుంది. చిత్రంలో ఎక్కడనైనను కుందేలు కనబడితే అందరూ ఒక్కసారిగా కుందేలు పేరును ఎలుగెత్తి పలుకుతారు. ఇంత అల్లరి చేసే సభ చిత్రం ప్రారంభం కాగానే నిశ్శబ్దమవుతుంది. మాటలు లేని పది నిమిషాల చిత్రాన్ని ఊపిరి బిగపట్టి చూచి, చివర పేర్లు అన్నీ ముగిసేవరకు కూర్చుండి, చప్పట్లు కొడుతుంది. అల్లరి, మర్యాద పరస్పర విరుద్ధాలు కావని ఆ సభ నిరూపిస్తున్నది.

ఉత్సవాన్ని చూచే పద్ధతి

లఘుచిత్రాల ప్రదర్శన ఒక్కొక్కటి సుమారు గంటన్నర ఉంటుంది. అందు ఒకదాని వెంట ఒకటిగా అనేక చిత్రాలు వస్తాయి. ఒకటి దుఃఖం, మరొకటి హాస్యం, ఇంకొకటి కేవలం రేఖల నృత్యం. సిద్ధం కాని మనసు అలసిపోతుంది. ఒక కార్యక్రమం ముగిసిన వెంటనే మరొకదానికి పరుగెత్తక, చూచిన ప్రతి చిత్రాన్ని గూర్చి పుస్తకంలో ఒక వాక్యమైనను వ్రాసికొనడం మంచిది. వ్రాయలేకపోయిన చిత్రాన్ని మనం చూడలేదనియే అనుకొనవలెను. ప్రతి చిత్రానికి నాలుగు ప్రశ్నలు వేసికొనుమని విద్యార్థులకు మా సూచన.

మొదటి ప్రశ్న: ఈ చిత్రం ఏ పదార్థంతో చేయబడినది? యానిమేషన్ అంటే కంప్యూటర్ అని నేటి విద్యార్థి భావన. ఉత్సవంలో ఆ భావన సడలుతుంది. రష్యా దేశీయుడు అలెగ్జాండర్ పెట్రోవ్ 1999లో 'వృద్ధుడు – సముద్రము' అనే చిత్రాన్ని గాజు పలకలపై తైలవర్ణాలను వ్రేళ్లతో అద్ది నిర్మించినాడు. అందుకు 29 వేలకు పైగా బొమ్మలు వేయవలసివచ్చినది. మెక్లారెన్ కెమెరా లేకుండ ఫిలిం పట్టీపైననే కలంతో గీసి చిత్రాలు చేసినాడు. వెదురు కలంతో సిరా పట్టి నస్తాలీక్ లిపిని సాధన చేసిన ఉర్దూ విద్యార్థికి ఆ రేఖలోని ఒత్తిడి, వంపు, విడుపు వెంటనే అర్థమవుతాయి. మన దేశంలో పుట్టి, అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థతో అనుబంధం కలిగి, తరువాత కెనడాలో పనిచేసిన ఈషూ పటేల్ 1977లో పూసలను పేర్చి 'బీడ్ గేమ్' అనే చిత్రాన్ని చేసినాడు. అది ఆస్కార్ బహుమతి పోటీలో తుది వరుసకు చేరినది.

రెండవ ప్రశ్న: ఇందు కాలం ఎట్లు నడుస్తున్నది? 2008లో ఆనెసీ క్రిస్టల్ పొంది, మరుసటి సంవత్సరం ఆస్కార్ కూడ గెలిచిన కునియో కాతో చిత్రంలో, నీరు పెరుగుచున్న ఊరిలో ఒక వృద్ధుడు తన ఇంటిపై అంతస్తు మీద అంతస్తు కట్టుకొంటూ బ్రతుకుతాడు. జారిపడిన పొగగొట్టం కొరకు నీటిలోనికి దిగిన అతనికి ఒక్కొక్క అంతస్తులో గడచిన జీవితం ఒక్కొక్క భాగం కనిపిస్తుంది. క్రిందికి పోవడమే గతానికి పోవడం. సుమారు పన్నెండు నిమిషాలలో ఒక జీవితం మన ఎదుట నిలుస్తుంది.

మూడవ ప్రశ్న: శబ్దం ఏమి చేస్తున్నది? మాటలు లేని చిత్రాలలో సంగీతం, అడుగుల చప్పుడు, నిశ్శబ్దం ఇవే సంభాషణలు. అర్థం కాలేదని తోచిన చిత్రాన్ని కన్నులు మూసికొని కొన్ని క్షణాలు వినడం కూడ ఒక అభ్యాసమే.

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ కథను యానిమేషన్‌లోనే చెప్పవలసిన అవసరం ఏమి? 2021లో ఆనెసీలో ఉత్తమ పెద్ద చిత్రంగా ఎన్నికైన డెన్మార్కు చిత్రం 'ఫ్లీ' ఇందుకు చక్కని సమాధానం ఇస్తుంది. కాబూలు నగరాన్ని విడిచి మాస్కో మీదుగా డెన్మార్కు చేరిన ఒక శరణార్థి తన కథను మిత్రుడైన దర్శకునికి చెప్పుకొంటాడు. కంఠం అతనిదే, పేరు, ముఖం మాత్రం అతనివి కావు. బొమ్మ అతనికి ముసుగైనది. ఆ ముసుగు చాటున అతడు ఇన్నాళ్లు ఎవరికీ చెప్పుకోలేని సంగతులు చెప్పుకోగలిగినాడు. కెమెరా బయటపెట్టి హాని చేసే చోట బొమ్మ దాచి మేలు చేయగలదు.

మన వారసత్వం

ఈ కళ పరాయిదని భావించేవారు ఒకసారి తోలుబొమ్మలాటను తలచుకొనవలెను. మేక తోలును పారదర్శకంగా పదును చేసి, రంగులు వేసి, కీళ్లవద్ద దారంతో కట్టి, తెల్లని తెర వెనుక దీపం వెలిగించి, కథ పాడుతూ బొమ్మలను ఆడించే మన కళాకారులు కదిలే బొమ్మకు ప్రాణం పోసే రహస్యాన్ని తరతరాలుగా ఎరిగినవారే. కేతిగాడు, బంగారక్క తెరమీదికి రాగానే నిద్రపోతున్న పిల్లలు కూడ లేచి కూర్చునేవారు. రాయలసీమలోని నిమ్మలకుంట గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారికి ఈ కళలో చేసిన కృషికి 2020లో పద్మశ్రీ బిరుదు ప్రకటింపబడినది.

నీడబొమ్మకు ప్రపంచ సినిమాలో ఎంత గౌరవం ఉన్నదో చూడండి. జర్మన్ కళాకారిణి లోట్టె రైనిగర్ నల్లని అట్టను కత్తిరించి, పలుచని సీసపు రేకులతో కీళ్లు అమర్చి, క్రిందినుండి వెలుగు ప్రసరింపజేసి 1926లో 'రాజకుమారుడు అహ్మద్ సాహసాలు' అనే చిత్రాన్ని విడుదల చేసినది. నేడు లభ్యమైన పెద్ద యానిమేషన్ చిత్రాలలో అదే మొదటిది. ఆమె ఎంచుకొన్న కథలు మన రెండు భాషల పాఠకులకు చిరపరిచితమైన వేయిన్నొక్క రాత్రులలోనివి. నిమ్మలకుంట తోలుబొమ్మ, బెర్లిన్ అట్టబొమ్మ ఒకదానినొకటి చూడక పోయినను దూరపు చుట్టాలు.

స్వతంత్ర భారతదేశంలో యానిమేషన్ శిక్షణకు 1956 ఒక మైలురాయి. ఆ సంవత్సరం డిస్నీ సంస్థలో అనుభవం గడించిన క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని ఫిలిమ్స్ డివిజన్‌కు వచ్చి మన యువకులకు శిక్షణ ఇచ్చినాడు. ఆ తరంలోని రామ్‌మోహన్ తరువాత భారత యానిమేషన్‌కు పెద్దదిక్కు అయినాడు. 1974లో విజయా మూలే నిర్మించిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' దూరదర్శన్ ద్వారా దేశమంతటా పిల్లలకు కంఠస్థమైనది. వలతో సహా ఎగిరిపోయిన పక్షుల కథ అది. చిన్నయసూరి నీతిచంద్రికలోని చిత్రగ్రీవుని కథ చదివిన మన విద్యార్థులకు అది క్రొత్తది కాదు. 2006లో గీతాంజలి రావు అగ్గిపెట్టెలపై బొమ్మలను చూస్తూ ఊహాలోకంలో విహరించే ఒంటరి వృద్ధురాలి కథను 'ప్రింటెడ్ రెయిన్‌బో' పేరుతో చిత్రించి, కాన్ నగరంలోని విమర్శకుల వారంలో బహుమతులు పొందినది.

పని చేసే చేయి, కథ చెప్పే చేయి

ఇక్కడ మనం ఒక కఠినమైన విషయాన్ని ఎదుర్కొనవలెను. మన నగరాలలో ఎదిగిన యానిమేషన్ పరిశ్రమలో ఎక్కువ భాగం విదేశీ నిర్మాతల కొరకు చేసే పని. కథ అక్కడ పుడుతుంది. పాత్రల రూపం అక్కడ నిర్ణయమవుతుంది. కదిలించే శ్రమ ఇక్కడ జరుగుతుంది. ఆ శ్రమ గౌరవనీయమైనది. అది ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టుచున్నది. హైదరాబాదులో 2001లో స్థాపితమైన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుండి 'ఛోటా భీమ్' ద్వారా మన కథకు కూడ మార్కెట్టు ఉన్నదని నిరూపించినది. అయినను చేయి ఒకరిది, కథ మరొకరిది అనే స్థితి చాలవరకు కొనసాగుచున్నది. శిక్షణాలయంలో విద్యార్థి మొదట నేర్చేది ఇతరుల బొమ్మను తప్పు లేకుండ కదిలించడం. తనకు చెప్పదగిన కథ ఒకటి ఉన్నదని అతనికి ఎవరు చెప్పవలెను?

ఉత్సవం ఆ మాట చెబుతుంది. 2024లో ఆనెసీలో చూపిన రెండు చిత్రాలను ఉదాహరిస్తాము. ఒకటి లాట్వియా దేశీయుడు గింట్స్ జిల్బలోడిస్ నిర్మించిన 'ఫ్లో'. జలప్రళయంలో చిక్కిన పిల్లి, ఇతర జంతువుల కథ, మాటలు లేవు. లాట్వియా జనాభా 20 లక్షలకు లోపే. చిత్రాన్ని ఎవరైనను ఉచితంగా పొందదగిన బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసినారు. అది ఆనెసీలో పలు బహుమతులు గెలిచి, 2025లో ఆస్కార్ పొందినది. రెండవది పాకిస్తాన్ దేశీయుడు ఉస్మాన్ రియాజ్ దర్శకత్వంలో ఉర్దూ భాషలో చేతితో గీసి నిర్మించిన 'ది గ్లాస్‌వర్కర్'. గాజుపని చేసే తండ్రీకొడుకుల ఇంటిలోనికి యుద్ధం ఎట్లు ప్రవేశించినదో అది చెబుతుంది. యానిమేషన్ పరిశ్రమ లేనిచోట సంస్థను స్థాపించి, చిత్రకారులను తయారుచేసికొని, సుమారు పదేండ్ల శ్రమతో దానిని పూర్తిచేసినారు. మన కళాశాలలో ప్రతిదినం వినిపించే భాష ఆనెసీ తెరపై వినిపించినది. చిన్న దేశమనో, చిన్న భాషయనో, ధనం లేదనో మనం చెప్పుకొనే కారణాలకు ఈ రెండు చిత్రాలు జవాబు చెప్పినవి.

మన వద్ద కథలకు కొరత లేదు. ఉర్దూలో దాస్తానుల భాండాగారం ఉన్నది. తెలుగులో కాశీమజిలీ కథలు ఉన్నవి. 1947లో వెలువడిన చందమామ పత్రిక చిత్రకారులు మూడు తరాల పాఠకుల కన్నులకు రేఖాసౌందర్యం నేర్పినారు. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడుగాటి వస్త్రంపై కథను ఘట్టం తరువాత ఘట్టంగా చిత్రించినారు. గాయకుడు దానిని విప్పుతూ కథ చెప్పేవాడు. కథను ఘట్టాలుగా విభజించి వరుసగా గీసికొనే పద్ధతిని నేటి స్టూడియోలలో స్టోరీబోర్డు అంటారు.

కళాశాల చేయదగినది

మన విద్యార్థులందరూ ఆనెసీకి పోలేరు. ప్రయాణవ్యయం అట్టిది. హైదరాబాదులో స్వర్ణగజం పేరుతో జరిగిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం, 2017లో జరిగిన ఇరవయ్యవ ఉత్సవంతో సహా, పలు పర్యాయాలు ఆ అవకాశాన్ని మన ముంగిటికి తెచ్చినది. అట్టి అవకాశం మరల కలిగేవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయంగా చేసే సూచన ఇది: ప్రతి సంవత్సరం అక్టోబరు 28వ తేదీ సాయంకాలం సభామందిరంలో రెండు గంటల యానిమేషన్ ప్రదర్శనను ఏర్పాటు చేయవలెను.

ఇందుకు అయ్యే వ్యయం స్వల్పం. కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ తన చిత్రాలను అనేకం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూచుటకు ఉంచినది. మాటలు లేని చిత్రాలు కనుక అనువాద సమస్య లేదు. ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు ఒకే వరుసలో కూర్చుండి చూడవచ్చును. సినిమాలు చదువును చెరుపుతాయని తల్లిదండ్రులు భయపడటం సహజమే. ఆ భయాన్ని తోసివేయక గౌరవింపవలెను. యానిమేషన్ చిత్రాలన్నీ అన్ని వయసులవారికి తగినవి కావు. అందువలన ఇరువురు అధ్యాపకులు ముందుగా చూచి చిత్రాలను ఎంపిక చేయవలెను. ప్రదర్శన తరువాత అరగంట చర్చ ఉండవలెను. ఆసక్తిగల విద్యార్థులు బృందంగా చేరి, ఒక సెల్‌ఫోను, ఒక ముక్కాలి పీఠం, కొంత బంకమట్టి లేక కాగితం సహాయంతో ఒక నిమిషం చిత్రమైనను తయారుచేసి మరుసటి సంవత్సరం అదే సభలో చూపవలెను.

తొలి ప్రదర్శనకు మెక్లారెన్ 1952లో నిర్మించిన 'పొరుగువారు' అనే చిత్రం ఎంతో తగియుండును. ఎనిమిది నిమిషాల చిత్రం. ప్రక్క ప్రక్క ఇండ్లలో సుఖంగా ఉన్న ఇద్దరు మనుష్యుల నడుమ సరిహద్దుపై ఒక చిన్న పువ్వు పూస్తుంది. అది ఎవరిదనే తగవు పెరిగి, ఇండ్లు కూలి, పువ్వు నలిగి, ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకొంటారు. సజీవులైన నటులనే బొమ్మలవలె ఫ్రేము వెంట ఫ్రేముగా చిత్రించి చేసిన ఈ చిత్రానికి, విచిత్రంగా, డాక్యుమెంటరీ లఘుచిత్రాల విభాగంలో ఆస్కార్ లభించినది. చివర పొరుగువానిని ప్రేమింపుమనే హితవు పలు భాషలలో తెరపై కనిపిస్తుంది. రెండు భాషలవారు ఒకే చూరు క్రింద చదువుకొనే మన కళాశాలకు ఆ ఎనిమిది నిమిషాలు ఎట్టి పాఠం చెబుతాయో వేరుగా వివరింపనక్కరలేదు.

రేనో తన బొమ్మల పట్టీలను నదిలో పడవేసిననాడు వాటిని చూడగోరేవారు అతని చుట్టూ లేరు. మన విద్యార్థులలో గీయగల చేతులు ఉన్నవి. వారి బొమ్మలను శ్రద్ధగా చూచే కన్నులను సిద్ధం చేయడం కళాశాల బాధ్యత. రాబోయే అక్టోబరు 28వ తేదీ అందుకు మంచి ముహూర్తం.